బలహీనమైన కాలు

మా గల్లీల్లో తాలీం అంటే చదువు. తాలీం అంటే కసరత్తు కూడా. మట్టి గోదాలో పిల్లలు కుస్తీ పట్టే చోటును మా పెద్దలు తాలీంఖానా అన్నారు. గోదాలో దిగినవాడు ముందు సలాం చేస్తాడు. ఆ తర్వాతే పట్టు పడతాడు.

ఇప్పుడు మా మొహల్లాల్లో మళ్లీ ఆ మాట వినబడుతోంది. మన పిల్లలకో ఆటల కేంద్రం కావాలి, లేకపోతే చబుత్రాల మీద కూచుని పాడైపోతారు అంటున్నారు. నిజమే, కావాలి. అడుగు జాగా లేని ఇరుకిళ్లలో పెరిగే కుర్రవాడికి చబుత్రానే మైదానం. రాత్రి పదింటికి అక్కడ కనబడితే పోలీసు జీపు ఎక్కిస్తారు. ఆడుకోను చోటివ్వని వాళ్లకి కూచున్న చోటు అడిగే హక్కు ఎక్కడిది?

కానీ ఆ కేంద్రం ఎందుకు? జవాబు చెప్పడానికి ఇద్దరు ముందుకొస్తారు. మిమ్మల్ని జనజీవన స్రవంతిలో కలపడానికి అంటాడు బయటి పెద్దమనిషి. మన పిల్లల్ని మన కట్టుబాట్లలో ఉంచుకోడానికి అంటాడు లోపలి పెద్దమనిషి. ఇద్దరికీ ఆటతో పనిలేదు. ఒకాయనకి మా విధేయత కావాలి, ఇంకొకాయనకి మా వినయం కావాలి.

మేమెప్పుడు ఒడ్డున కూచున్నాం? హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడి పంతులు ఉండేవాడు. ఆయన తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే మన దేశం 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చుకుంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. జకార్తా జట్టులో బెంగాలీ చునీ గోస్వామి కెప్టెన్. పంజాబీ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కట్టుతో ఆడాడు. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. స్టేడియం నిండా మన జట్టుని గేలిచేసే జనం. అయినా ఫైనల్లో దక్షిణ కొరియాని 2–1తో ఓడించారు. మరుసటి ఏడే, 1963లో, రహీం సాబ్ కేన్సర్‌తో పోయారు. ఆయన్ని ఎవరు ఏ స్రవంతిలో కలిపారు?

రహీం సాబ్ పిల్లలకి ఓ వింత పోటీ పెట్టేవారు. అలవాటైన కాలితో బంతి తన్నకూడదు, బలహీనమైన కాలితోనే ఆడాలి. బలమున్న కాలు ఎలాగూ ఆడుతుంది. రెండో కాలు ఆడితేనే ఆటగాడు పూర్తవుతాడు. నాయకత్వం గురించి ఇంతకు మించిన పాఠం మాకు తెలీదు. జట్టులో వెనకబడిన వాడికి బంతి అందించేవాడే కెప్టెన్.

2021 జనవరిలో సిడ్నీ టెస్టులో గ్యాలరీలోంచి తిట్లు వినబడితే మన హైదరాబాదీ సిరాజ్ ఆట ఆపి చెప్పాడు. కెప్టెన్ రహానే అతని పక్కన నిలబడి అంపైర్ల దగ్గరికి నడిచాడు. అదే ఏడు అక్టోబర్‌లో పాకిస్తాన్ చేతిలో పది వికెట్ల తేడాతో ఓడితే, పదకొండు మందీ కలిసి ఓడిన ఆటకి షమీ ఒక్కడి మతాన్ని దోషి చేశారు. అప్పుడు కెప్టెన్ కోహ్లీ అతని తరఫున మాట్లాడాడు. గెలిస్తే భారతీయుడు, ఓడితే ముసల్మాను. ఈ లెక్క ఒప్పుకుని మైదానంలో దిగితే అది ఆట కాదు, హాజరు వేయించుకోవడం. మా పిల్లలకి బాగా ఆడే హక్కు ఎంతుందో, చెత్తగా ఆడి ఓడిపోయే హక్కూ అంతే ఉంది.

ఇంతదాకా బయటివాళ్లని అడిగాం. మరి మా బలహీనమైన కాలు ఏది? నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగ్ ప్రపంచ విజేత అయింది. ఇవాళ ఆమె మా బిడ్డ అని చెప్పుకుంటున్నాం. ఆమె గ్లవ్స్ తొడుక్కున్న కొత్తలో ఆడపిల్లకి ఈ దెబ్బలాటేంటి, ఈ నిక్కర్లేంటి అన్న నోళ్లు మావి కావా? ఆ మాటలు పట్టించుకోని తండ్రి ఉన్నాడు కాబట్టి ఆమె గెలిచింది. అలాంటి తండ్రి లేని పిల్లలు ఏ వంటింట్లో ఉన్నారో మేం లెక్కపెట్టామా? ఉర్దూ రాని దూదేకుల కుర్రాడు జట్టులోకి వస్తే, వీడేం తురకోడు అని నవ్వింది ఎవరు? పక్క వాడలోని మాదిగ పిల్లాణ్ణి మా గేటు లోపలికి రమ్మని ఎన్నిసార్లు పిలిచాం?

మా కేంద్రం మాది కావాలి. మా గల్లీలోనే ఉండాలి, మా భాషలోనే పిలవాలి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ మా మీద మూసుకున్న తలుపుల గురించి మాట్లాడే మేం, మా తలుపు ఎవరి మీద మూస్తున్నామో చూసుకోవాలి. బలమున్న కాలితోనే ఆడుకుంటూ పోతే అది ఇంకో చబుత్రా అవుతుంది, పైన రేకులు మాత్రం ఉంటాయి.

షెడ్డు వేస్తాం, చందాలు పోగుచేస్తాం, రహీం సాబ్ ఫొటో గోడకి తగిలిస్తాం. ఆ తర్వాత తాళంచెవి ఎవరి చేతికిస్తాం?