వ్యాపారానికి పేరు – నమ్మకమనే అమానతు

నేడు మన యువకుల్లో సొంతంగా వ్యాపారం పెట్టుకోవాలన్న ఆలోచన పెరుగుతోంది. ఇది సంతోషించదగ్గ విషయం. ఒకరు తేనె సీసాల్లో నింపి అమ్ముతున్నారు. మరొకరు దుస్తులు కుట్టించి ఫోన్‌లోనే ఆర్డర్లు తీసుకుంటున్నారు. ఇంకొకరు నలుగురు మిత్రులతో కలిసి సాఫ్ట్‌వేర్ సంస్థ ప్రారంభిస్తున్నారు. 2016 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ‘స్టార్టప్ ఇండియా’ మొదలుపెట్టాక ‘స్టార్టప్’ అనే మాట చిన్న పట్టణాల్లోనూ వినిపిస్తోంది. వీరందరికీ మొదట ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: మనల్ని ఎవరూ ఎరుగరు, మరి కొనేవాడు మనల్ని ఎందుకు నమ్మాలి?

దీనికి బజారు చెప్పే సమాధానం ‘బ్రాండింగ్’. అంటే మంచి పేరు, చూడగానే గుర్తుండే ముద్ర, రంగులు, నినాదం, ప్రకటనలు. ఇవేవీ ధర్మవిరుద్ధం కావు. సరుకును శుభ్రంగా, అందంగా చూపించడంలో దోషం లేదు. అయితే ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గ్రహించాలి. పేరు మనం పెట్టుకుంటాం. నమ్మకం మాత్రం ప్రజలు మన దగ్గర దాచుకునే సొమ్ము. ఇలా ఒకరు మనల్ని నమ్మి అప్పగించిన దాన్నే షరీఅత్ అమానతు అంటుంది. అమానతు విషయంలో ప్రళయదినాన లెక్క చెప్పుకోవలసి ఉంటుంది.

ప్రజలు ఇచ్చిన పేరు

మహాప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) జీవితాన్ని చూడండి. దైవదౌత్యం లభించింది నలభయ్యో ఏట. అంతకు ఎంతో ముందే మక్కావాసులు ఆయన్ని ‘అల్ అమీన్’ (విశ్వసనీయుడు) అని పిలిచేవారు. ఆ బిరుదు ఆయన తనకు తాను తగిలించుకున్నది కాదు, ఆయనతో ఇచ్చిపుచ్చుకున్న వాళ్ళు అనుభవంతో ఇచ్చినది. మక్కాలో పేరున్న వ్యాపారస్తురాలు హజ్రత్ ఖదీజా (రజి) ఆ నిజాయితీని గురించి విని, తన సరుకును ఆయనకు అప్పగించి, సేవకుడు మైసరాను తోడిచ్చి సిరియాకు పంపారు. ఒక్క ప్రకటన కూడా లేకుండానే ఆయన మంచితనం ఆమె గుమ్మం వరకు నడిచి వెళ్ళింది.

తర్వాత జరిగింది మరింత ఆశ్చర్యకరం. ఆయన ధర్మాన్ని తిరస్కరించి, ప్రాణాలు తీయడానికి సిద్ధపడిన ఖురైషుల సొమ్ములు ఆయన ఇంట్లోనే భద్రంగా ఉండేవి. హిజ్రత్ రాత్రి ఆయన (స) హజ్రత్ అలీ (రజి)ని మక్కాలోనే ఉంచి, ఎవరి అమానతు వారికి అప్పగించి రమ్మన్నారు. శత్రువు కూడా తన సొమ్ము తెచ్చి దాచుకునేంతటి నమ్మకం! దీన్ని మించిన ‘బ్రాండ్’ ఏదైనా ఉందా?

మన దుకాణానికి వచ్చేవాళ్ళలో ఎక్కువ మంది ముస్లిమేతర సోదరులే. వారిలో చాలామంది ఇస్లాం గురించి పుస్తకాల్లో చదివి ఉండరు. మన తూకంలో, మన మాటలో చదువుతారు.

నెయ్యితో మొదలైన వ్యాపారం

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మక్కాలో ఉన్నదంతా వదిలి మదీనా చేరారు. అన్సారీ సోదరుడు హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన దీవించి, దాన్ని సున్నితంగా వద్దని, బజారు ఎక్కడుందో చూపమన్నారు. ఎండు పెరుగు గడ్డలు, నెయ్యి అమ్మడంతో మొదలుపెట్టి, అల్లాహ్ అనుగ్రహంతో సంపన్న సహాబీలలో ఒకరయ్యారు.

కొత్తగా వ్యాపారం పెట్టేవారికి ఇందులో పెద్ద పాఠం ఉంది. నెయ్యి, పెరుగు ఇంటికి నిత్యం కావలసినవి. ఈరోజు కల్తీది ఇస్తే రేపు ఆ ముఖం మళ్ళీ కనబడదు. కొత్త సంస్థకు చెప్పుకోవడానికి గతం ఉండదు. కాబట్టి మొదటి వంద మందికి ఇచ్చే సరుకే దాని చరిత్ర. ఆ వంద మందిని మోసగించి, వెయ్యి మందిని ప్రకటనలతో రప్పించాలనుకోవడం చిల్లుకుండలో నీళ్ళు పోయడమే.

పైపొర, లోపొర

ఒకసారి దైవప్రవక్త (స) మదీనా బజారులో ధాన్యపు రాశి దగ్గర ఆగి, చేయి లోపలికి పెట్టి చూశారు. వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వానకు తడిసిందని వ్యాపారి చెప్పాడు. జనానికి కనబడేలా తడిసిన ధాన్యాన్ని పైనే ఎందుకు ఉంచలేదని ఆయన (స) మందలించారు. మోసం చేసేవాడితో తనకు సంబంధం లేదని తీవ్రంగా హెచ్చరించారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసు భావాన్ని జాగ్రత్తగా గమనించండి. వాన పడటం వ్యాపారి తప్పు కాదు. తడిసిన ధాన్యం అమ్మవద్దని కూడా ఆయన అనలేదు. పొడిది పైన, తడిది కింద పెట్టడమే నేరం. నేటి భాషలో చెప్పాలంటే ప్యాకెట్ మీద బొమ్మ ఒకటి, లోపల సరుకు మరొకటి.

నేడు ‘బ్రాండింగ్’ పేరుతో జరిగే మూడు మోసాలకు షరీఅత్‌లో ఏనాడో తీర్పు ఉంది.

మొదటిది, దొంగ మెచ్చుకోళ్ళు. బంధుమిత్రులతోనో, డబ్బిచ్చి ఎవరితోనో ‘అయిదు నక్షత్రాలు’ వేయించుకోవడం. కొనే ఉద్దేశం లేకుండా, ఇతరుల్ని ఊరించడానికి ధర పెంచి పాడటాన్ని ‘నజష్’ అంటారు. ప్రవక్త (స) దాన్ని నిషేధించారు. దొంగ సమీక్ష కూడా ఆ కోవలోదే. భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఇంటర్నెట్ సమీక్షలకు ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని తేవలసి వచ్చిందంటే ఈ జబ్బు ఎంత ముదిరిందో ఊహించవచ్చు.

రెండోది, కనికట్టు. పూర్వం కొందరు పశువును కొన్ని రోజులు పితకకుండా ఉంచి, నిండు పొదుగు చూపించి అమ్మేవారు. ఇలా మోసపోయినవాడికి పశువును తిరిగి ఇచ్చేసే హక్కును ప్రవక్త (స) కల్పించారు. ఫోటోలో మెరిసి, చేతికొచ్చాక వెలిసిపోయే బట్ట ఆ నిండు పొదుగు లాంటిదే.

మూడోది, లేనిది ఉన్నట్లు చెప్పుకోవడం. నిన్న తెరిచిన సంస్థ ‘దేశంలోనే నంబర్ వన్’ అని రాసుకుంటుంది. పేరున్న కంపెనీ పేరులో ఒక్క అక్షరం మార్చి, అవే రంగులు వేసుకుంటుంది. తనకు దక్కనిదాన్ని దక్కినట్లు ప్రదర్శించేవాణ్ణి ప్రవక్త (స) అబద్ధపు వస్త్రాలు తొడుక్కున్నవాడితో పోల్చారు. దేశంలో 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కూడా ఇలాంటివాటిని అడ్డుకుంటాయి. కానీ విశ్వాసికి చట్టం కన్నా ముందు అల్లాహ్ భీతి కాపలా ఉండాలి.

‘హలాల్’ అలంకారం కాదు

ఒక బాధాకరమైన విషయాన్ని ఇక్కడ ప్రస్తావించక తప్పదు. పేరు ఎంత గొప్పదైనా సరుకు బాగుంటుందన్న హామీ లేదు. 1987లో హైదరాబాదులో పుట్టిన ఒక పెద్ద కంప్యూటర్ సంస్థ పేరు ‘సత్యం’. 2008లో దానికి మంచి నిర్వహణకు అవార్డు కూడా వచ్చింది. కొన్ని నెలలకే, 2009 జనవరి 7న, లెక్కలు ఏళ్ళ తరబడి అబద్ధమేనని దాని అధిపతే లేఖ రాశారు.

మనవాళ్ళలో జరిగింది ఇంకా బాధ కలిగిస్తుంది. ‘హలాల్ పెట్టుబడి’ అన్న మాట చూసి హైదరాబాదు, బెంగళూరులలోని కొన్ని సంస్థలకు వేలాది కుటుంబాలు డబ్బు అప్పగించాయి. ఆడపిల్లల పెళ్ళిళ్ళకు దాచినవి, నగలు అమ్మినవి, పదవీ విరమణలో వచ్చినవి. 2018, 2019లలో చెల్లింపులు ఆగిపోయి ఆ కుటుంబాలు వీధిన పడ్డాయి. వారు లెక్కలు ఎందుకు అడగలేదు? ఆ మాట మీద గౌరవంతో. మత చిహ్నాన్ని చూసినప్పుడు కొనేవాడు జాగ్రత్తను పక్కన పెడతాడు. కాబట్టి ఆ చిహ్నంతో మోసం చేసినవాడు సొమ్ముతో పాటు ధర్మం మీది నమ్మకాన్నీ దొంగిలిస్తాడు.

‘హలాల్’ అని రాసేముందు సరుకు, పెట్టుబడి, తూకం, కూలీలకిచ్చే వేతనం అన్నీ ధర్మసమ్మతమేనా అని పరీక్షించుకోవాలి. దుకాణానికి మక్కా, మదీనా పేరు పెడితే ఆ పేరుకు తగ్గట్టు నడవాలి. లేదా మామూలు పేరు పెట్టుకోవడమే క్షేమం.

పొరపాటు జరిగితే

ఎంత జాగ్రత్తపడినా ఎప్పుడో ఒక సరుకు చెడుతుంది. నమ్మకం నిజంగా నిలబడేది అప్పుడే. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) కూఫాలో బట్టల వ్యాపారి. ఒకసారి లోపమున్న వస్త్రాన్ని పంపుతూ, కొనేవారికి ఆ లోపం చెప్పి అమ్మమని భాగస్వామికి చెప్పారు. అతను చెప్పడం మరిచి అమ్మేశాడు. కొన్నదెవరో తెలియలేదు. ఇమామ్ గారు ఆ సరుకుపై వచ్చిన సొమ్మంతా దానం చేసేశారని చరిత్రకారులు రాశారు. మనం తప్పు చెప్పుకుంటే పేరు పోతుందని భయపడతాం. లోపం దాచిన సొమ్ము తన ఇంట్లో ఉంటుందేమోనని ఆయన భయపడ్డారు.

అమ్మేవాడు, కొనేవాడు సత్యం పలికి, లోపాలు వెల్లడిస్తే వారి బేరంలో బర్కత్ ఉంటుందని, దాచి అబద్ధమాడితే ఆ బర్కత్ తుడిచిపెట్టుకుపోతుందని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోని హదీసు సారాంశం. సరుకును అమ్ముకోవడానికి ఒట్లు వేయడం కూడా అంతే. అది సరుకును చెల్లిస్తుంది, శుభాన్ని చెరిపేస్తుంది.

కాబట్టి యువ సోదరులారా! వ్యాపారానికి మంచి పేరు పెట్టండి. అందమైన ముద్ర వేయించుకోండి. దాంతో పాటు సరుకులో ఏముందో, ఎంత ఉందో స్పష్టంగా రాయండి. చేయగలిగిందే చెప్పండి. లోపముంటే అడగకముందే చూపించండి. వాపసు ఇస్తామన్నప్పుడు ముఖం చిట్లించకుండా ఇవ్వండి. కొలతల్లో మోసం చేసేవారి వినాశం గురించి దివ్య ఖుర్ఆన్‌లో ‘ముతఫ్ఫిఫీన్’ అనే సూరా అవతరించిందని, తూకాల్లో మోసంతో విర్రవీగిన మద్యన్ జాతికి హజ్రత్ షుఐబ్ (అలై) హెచ్చరికలు చేశారని మరవకండి. లాభం ఆలస్యంగా వచ్చినా బర్కత్‌తో వస్తుంది. సత్యసంధుడు, విశ్వసనీయుడు అయిన వర్తకుడు రేపు ప్రవక్తలు, సత్యవంతులు, షహీదుల సహచర్యంలో ఉంటాడన్న శుభవార్త తిర్మిజీ గ్రంథంలో ఉంది. అంతటి సహచర్యం ముందు ఏ బజారు పేరు నిలుస్తుంది?

మన సంపాదనను ధర్మసమ్మతం చేసి, మనపై నమ్మకముంచినవారి అమానతును కాపాడే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.