ఓడినా మళ్లీ ఆడనిచ్చే ఆట

హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. పోటీ జరిగేది బొంబాయి కూపరేజ్ మైదానంలో. కలకత్తా జట్ల పేరు వింటేనే మిగతావాళ్లకు సగం బలం పోయే రోజులవి. అలాంటి కాలంలో ఐదేళ్లపాటు ఆ కప్పును ఇంకొకరి చేతికి పోనివ్వలేదు మన పోలీసులు. అప్పట్లో మన దేశంలో ఫుట్‌బాల్ ఆడి జీతం తీసుకునే పద్ధతి కాగితం మీద లేదు. ఆట బాగుంటే సర్కారు ఉద్యోగం దొరికేది, ఉద్యోగం ఉంది కాబట్టి ఆట సాగేది. ఈ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తికి బడిపంతులు. అందరికీ రహీం సాబ్. పిల్లల దగ్గర ఓపిక నేర్చుకున్న మనిషి పోలీసుల దగ్గర దాన్ని వాడాడు.

ఈ ఐదేళ్ల సంగతి మొదటిసారి చదివినప్పుడు ఒళ్లు పులకరించింది. తర్వాత నెమ్మదిగా ఒక అనుమానం తొలవడం మొదలైంది. రోవర్స్ కప్పు నాకౌట్ పోటీ. ఓడిన జట్టు ఆ సాయంత్రమే పెట్టె సర్దుకోవాలి. అలాంటి పోటీలో కప్పెత్తిన ప్రతి జట్టూ ఓడని జట్టే కదా! ఐదేళ్లు వరసగా గెలవడం చాలా గొప్ప, అందులో పేచీ లేదు. కానీ అక్కడ ఓడకపోవడం అనేది గెలుపులోనే కలిసి ఉంటుంది, విడిగా లెక్కకు రాదు. ఓడినా నష్టం లేనిచోట, ఓడడానికి నెలల తరబడి వీలున్నచోట ఓడకుండా ఉండడం వేరే వ్యవహారం.

దానికి లీగు కావాలి. ఇంగ్లండులో 1888లో పన్నెండు క్లబ్బులు కలిసి మొట్టమొదటి లీగు పెట్టుకున్నాయి. ప్రతి జట్టూ ప్రతి జట్టుతో రెండుసార్లు ఆడుతుంది. ఈ వారం ఓడితే వచ్చే వారం మళ్లీ ఆట ఉంటుంది. ఆ తొలి సీజన్లోనే ప్రెస్టన్ నార్త్ ఎండ్ 22 మ్యాచుల్లో 18 గెలిచి, 4 డ్రా చేసుకొని, ఒక్కటీ ఓడలేదు. లీగు పుట్టిన ఏడాదే అయిపోయింది కాబట్టి ఇది పెద్ద కష్టమేమీ కాదని జనం అనుకొని ఉంటారు. ఆ దేశపు అగ్రశ్రేణి లీగులో మళ్లీ ఆ పని చేసే జట్టు రావడానికి 115 ఏళ్లు పట్టింది.

అది 2003-04 నాటి ఆర్సెనల్. 38 మ్యాచులు, 26 గెలుపులు, 12 డ్రాలు. కోచ్ ఆర్సెన్ వెంగర్ అంతకు ఏడాది ముందే, సీజనంతా ఓడకుండా ఉండడం సాధ్యమేనని నోరు జారాడు. పత్రికలు ఆడుకున్నాయి. ఆ మాట అన్న కొద్ది వారాలకే, 2002 అక్టోబరులో, ఎవర్టన్ తరఫున ఇంకా పదిహేడు నిండని వేన్ రూనీ చివరి నిమిషంలో గోల్ కొట్టి వాళ్లను ఓడించాడు. ఆ నవ్వులపాలైన మాట మరుసటేడు నిజమైంది.

అయితే ఆ ‘ఓడని’ ఏడాదిలో ఆర్సెనల్ ఓడలేదా? ఓడింది. అదీ వరసగా. 2004 ఏప్రిల్ 3న ఎఫ్‌ఏ కప్పు సెమీస్‌లో మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో, మూడు రోజులకే చాంపియన్స్ లీగ్ క్వార్టర్స్‌లో చెల్సీ చేతిలో. ఇంకో మూడు రోజులకు, ఏప్రిల్ 9న, లీగు మ్యాచ్ లివర్‌పూల్‌తో. సగం ఆట ముగిసేసరికి 1-2తో వెనకబడ్డారు. వారం తిరగకుండా రెండు కప్పులు చేజారిన జట్టు, సొంత మైదానంలో, సొంత జనం ముందు వెనకబడి ఉంది. ఆ పదిహేను నిమిషాల విరామంలో లోపల ఎవరేం మాట్లాడుకున్నారో గానీ, బయటికొచ్చి నాలుగు నిమిషాలు గడిచీ గడవకముందే స్కోరు సమం చేశారు. థియరీ ఆన్రీ ఒక్కడే మూడు కొట్టాడు, 4-2తో గెలిచారు. ఆ సీజన్ మొత్తంలో నాకు కావాల్సింది ఈ ఒక్క మధ్యాహ్నమే. ఓడని జట్టు గొప్పతనం ఓడని రోజుల్లో కనిపించదు. అంతకుముందు రెండు ఓటములు కడుపులో పెట్టుకొని మైదానంలోకి దిగిన రోజున కనిపిస్తుంది.

దీనికి అడ్డం తిరిగే ఉదాహరణ ఇటలీలో ఉంది. 1978-79లో పెరూజా అనే చిన్న ఊరి జట్టు 30 మ్యాచుల్లో ఒక్కటీ ఓడలేదు. కప్పు మాత్రం మిలాన్‌కు పోయింది. మిలాన్ మూడు మ్యాచులు ఓడింది, 17 గెలిచింది. పెరూజా గెలిచినవి 11, డ్రా చేసుకున్నవి 19. గెలిస్తే రెండు పాయింట్లు, డ్రాకు ఒకటి వచ్చే రోజులవి. అంటే ఒక్కసారీ కింద పడని జట్టు, మూడుసార్లు పడి లేచిన జట్టు వెనక నిలబడింది. వాళ్లు భయపడి ఆడారని అనను, ఆ చిన్న క్లబ్బుకు అదే కొండంత. అయినా ఓడకూడదన్న పట్టుదల ఒక దశ దాటితే గెలవాలన్న కోరికను తినేస్తుందేమో అని ఈ అంకెలు చూసినప్పుడల్లా అనిపిస్తుంది. మా బంధువుల్లో ఒకాయన ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క మెమో కూడా అందుకోలేదని ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఆయన ఏం చేశాడో మాత్రం ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు.

మళ్లీ రహీం సాబ్ దగ్గరికి వస్తాను. ఆయన మన దేశపు జట్టుకూ కోచ్. ఏషియన్ గేమ్స్‌లో భారత ఫుట్‌బాల్‌కు వచ్చిన బంగారు పతకాలు ఇప్పటిదాకా రెండే, రెండూ ఆయన హయాంలోనివే. మొదటిది 1951లో, న్యూఢిల్లీలో. ఇండోనేషియాను 3-0, అఫ్గానిస్థాన్‌ను 3-0, ఫైనల్లో ఇరాన్‌ను 1-0. ఓటమి మాట దేవుడెరుగు, ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. రెండోది 1962లో, జకార్తాలో. అక్కడ తొలి మ్యాచే ఓడిపోయారు, దక్షిణ కొరియా చేతిలో 0-2తో.

నాకౌట్ అయ్యుంటే కథ అక్కడితో సరి. గ్రూపు పద్ధతి కాబట్టి బతికారు. థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో, సెమీస్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో దాటుకొని ఫైనల్ చేరారు. ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియానే. పోటీల రాజకీయాల వల్ల స్టేడియం నిండా ఉన్న జనం మన మీద కోపంతో ఉన్నారు. సెమీస్‌కు ముందే తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నయిల్ సింగ్‌ను రహీం సాబ్ వెనక వరస నుంచి తీసుకొచ్చి ముందు వరసలో నిలబెట్టాడు. కుట్లున్న తలతోనే అతను సెమీస్ ఆడాడు, ఫైనల్లో గోల్ కొట్టాడు. పి.కె. బెనర్జీది ఇంకొకటి. 1962 సెప్టెంబరు 4న 2-1తో బంగారం. రహీం సాబ్‌కు అప్పటికే క్యాన్సర్. మరుసటేడు జూన్‌లో పోయాడు.

ఇప్పుడు చెప్పండి, ఏది గుర్తుంది జనానికి? రహీం సాబ్ మీద తీసిన ‘మైదాన్’ సినిమా పరుగంతా జకార్తా వైపే. ఢిల్లీలో మచ్చ లేకుండా గెలిచిన పతకం గురించి అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. సినిమావాళ్లకు కన్నీళ్లు కావాలి కాబట్టి అలా తీశారని కొట్టిపారేయొచ్చు. నాకు మాత్రం జనం లెక్క సరిగ్గానే ఉందనిపిస్తుంది. రహీం సాబ్ శిక్షణలో ఒక పద్ధతి ఉండేది. బలహీనమైన కాలితోనే ఆడాలని నియమం పెట్టి ఆయన పోటీలు నడిపేవాడు. కుడికాలి మొనగాడు ఎడమకాలితో బంతిని తన్నితే ఏమవుతుందో ఊహించండి. బంతి ఒకచోటికి, కాలు ఒకచోటికి, చుట్టూ నవ్వులు. అలా తడబడడానికి ఆయన చోటు చూపించాడు. తప్పితే ఇల్లు మునగని చోటు. రోవర్స్‌లో ఐదేళ్లు ఓడని జట్టు వెనక ఉన్నది ఆ తడబాట్లే.

ఇక మా కదిరి సంగతి. మా పక్క ఆట అంటే క్రికెట్టే. ఎండాకాలం వస్తే టెన్నిస్ బాల్ టోర్నమెంటు కరపత్రాలు గోడలకు ఎక్కుతాయి. మొదటి బహుమతి, రెండో బహుమతి, ఇచ్చిన దాతల ఫొటోలు. అన్నీ నాకౌట్లే. తలుపుల, తనకల్లు, గాండ్లపెంట పక్కనుంచి పిల్లలు తలా ఇంత వేసుకొని ఎంట్రీ ఫీజు కట్టి, ఆటో మాట్లాడుకొని పొద్దున్నే దిగుతారు. చీటీలు తీస్తారు. ఎనిమిది ఓవర్ల ఆట. తొమ్మిదిన్నరకు ఓడిపోతారు. కానీ ఆటో బాడుగ సాయంత్రం దాకా మాట్లాడుకున్నది. డ్రైవరు ఎక్కడో నిద్రపోతుంటాడు. ఒక వేపచెట్టు కింద, ఇంటినుంచి తెచ్చుకున్న చిత్రాన్నం డబ్బా పదకొండుకే విప్పి, మిగతా రోజంతా వేరేవాళ్ల ఆట చూస్తూ కూర్చుంటారు. వాళ్లలో ఒకడు బౌలింగ్ వేసిన చేతిని తిప్పుకుంటూ, ఆ ఒక్క బాలు యార్కర్ వేసుంటే అని పక్కవాడికి నాలుగోసారి చెబుతుంటాడు. వాడికి దాన్ని వేసి చూపించే అవకాశం మళ్లీ ఏడాదికి గానీ రాదు. అప్పటికి వాడు బెంగళూరులో ఏ టైల్స్ పనిలోనో ఉంటాడు.

ఆటలోనే అనుకుంటే పొరపాటు. కలిగిన ఇంటి పిల్లకు ఒకసారి మెడికల్ సీటు రాకపోతే లాంగ్‌టర్మ్ కోచింగ్ ఉంది, అదీ కాకపోతే ఇంకో ఏడు ఉంది. లేని ఇంటి పిల్లాడు ఇంటర్లో ఒక సబ్జెక్టు పోగొట్టుకుంటే మరుసటి నెలకు బస్సెక్కుతాడు. ఒకరు లీగు ఆడుతున్నారు, ఒకరు నాకౌట్. ఇద్దరినీ ఒకే పట్టికలో రాసి, ఎవరు ఓడలేదో చూడండి అంటాం. ఓడని వాళ్ల జాబితాలు చూసినప్పుడు నాకు మొదట వచ్చే ప్రశ్న అందుకే మారిపోయింది. వాళ్లు ఎన్ని గెలిచారని కాదు, ఎన్నిసార్లు ఓడనిచ్చారని.

చెనిక్కాయ రైతుకైతే ఓడని సీజన్ అన్న ఊహే లేదు. విత్తనం పడ్డాక వాన మొహం చాటేయవచ్చు, ఊడలు దిగేవేళ బెట్ట రావచ్చు, తీరా కాయ పీకేటప్పుడు కుండపోత కురవవచ్చు. మా ఊరి వ్యవసాయ పరిశోధన కేంద్రం కదిరి-3, కదిరి-6, కదిరి-9, కదిరి లేపాక్షి అంటూ ఊరి పేరు మీదే రకాలు వదులుతూ వచ్చింది. ఏ రకమూ పంట పోదని మాటివ్వదు. బెట్టనో తెగులునో ఇంకొంచెం ఓర్చుకుంటుందని మాత్రం చెబుతుంది. ఆ రైతుకు ఓటమి కొత్త కాదు. ఓడాక మళ్లీ విత్తనానికి అప్పు పుట్టని ఏడే ఆట నుంచి బయటికి పోతాడు.

అనంతపురంలో విసెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆర్‌డీటీ సంస్థ ఆటల గ్రామం కట్టి ఫుట్‌బాల్ అకాడమీ నడుపుతోంది. స్పెయిన్ లా లిగా వాళ్లూ చెయ్యి కలిపారు. పల్లెల పిల్లలకు అక్కడ వరసగా మ్యాచులు దొరుకుతాయి. ఓడినవాళ్లకు కూడా. అలాంటిదొకటి మాకూ ఉంటే అనిపించి, పోయిన ఎండాకాలం టోర్నమెంటు పెట్టే కుర్రాళ్లలో ముఖ్యమైనవాడితో అన్నాను, నాలుగేసి జట్లను ఒక గుంపు చేసి ప్రతివాళ్లకూ మూడు మ్యాచులన్నా వచ్చేట్టు చూడరాదా అని.

వాడు వేళ్ల మీద లెక్కేశాడు. “పదహారు జట్లకు గుంపు మ్యాచులే ఇరవై నాలుగైతాయన్నా. నాకౌటైతే మొత్తం పదిహేనుతో కప్పిచ్చేయచ్చు. గ్రౌండు మనకు దొరికేది ఆదివారాలే. అంపైర్లకెవరు పెట్టల్ల, బాళ్లకెవరు పెట్టల్ల?”

“ఇంకో దాతను పట్టు.”

“దాత ఫైనల్ రోజు ఫొటోకు వస్తాడు గానీ లీగు మ్యాచులకు వస్తాడా? అదీగాక ఓడిన జట్టు మళ్లా ఆదివారం వస్తాదని గ్యారంటీ ఏంది?”

తలుపుల పిల్లలు తప్పకుండా వస్తారన్నాను.

“ఆటో బాడుగ నువ్విస్తావా?” అన్నాడు.

ఒక ఆదివారానికి ఒప్పుకున్నాను. వాడు మూడు ఆదివారాలకు అడుగుతున్నాడు. బేరం ఇంకా తెగలేదు.