బుడిబుడి అడుగులవారు కూడ రావలెను

ధ్యానించు వాక్యభాగములు: నిర్గమకాండము 10:8–11, ద్వితీయోపదేశకాండము 1:31, మార్కు 10:13–16



ఎనిమిదవ తెగులు రాకముందు ఫరో కొంచెము మెత్తబడెను. మోషే అహరోనులను మరల పిలిపించి, మీ దేవుని సేవించుటకు పొండి గాని ఎవరెవరు పోవుదురో చెప్పుడని అడిగెను. చిన్నలు, పెద్దలు, కొడుకులు, కూతుళ్లు, మందలు, అందరితోను పోవుదుమని మోషే బదులు చెప్పెను. ఫరోకు ఈ మాట నచ్చలేదు. పురుషులు మాత్రము పోయి సేవించుడని చెప్పి వారిని తన యెదుటనుండి వెళ్లగొట్టించెను. పిల్లలు ఐగుప్తులో నుండిన తండ్రులు ఎక్కడికి పోయినను తిరిగి రాక తప్పదని ఆ రాజునకు తెలియదా? మోషే ఆ బేరమునకు ఒప్పుకొనలేదు.

ఈ భాగములో చిన్నపిల్లలకు హెబ్రీ భాషలో వాడిన మాట ‘తఫ్’. గబగబ చిన్న అడుగులు వేయుట అను అర్థముగల ధాతువునుండి ఇది వచ్చియుండునని నిఘంటువులు వ్రాసినవారు చెప్పుదురు. మనము బుడిబుడి అడుగులవారు అందుము. చేతులు కట్టుకొని బుద్ధిగా కూర్చుండు బడిపిల్లలను గూర్చి మాత్రమే ఈ పేచీ జరుగలేదు. నిలుచున్నచోట నిలువక, పట్టినది విడువక, దొరికినదెల్ల నోటిలో పెట్టుకొను ఏడాది రెండేండ్లవారు కూడ ఇందులో నున్నారు.

ఇప్పుడు మన బిచ్కుంద ప్రాంతపు సంఘములను చూతము. ఆరాధనలో పురుషులు ఒక వైపు, స్త్రీలు ఒక వైపు కూర్చుందురు. చంటివారందరు స్త్రీల వైపే. పాట ఎత్తుకొనగానే ఒకడు కంజిర కొరకు ఏడ్చును. ఇచ్చిన యెడల ప్రార్థనలో కూడ దానిని మ్రోగించును. ఒకతె కానుకకై తల్లి యిచ్చిన రూపాయి బిళ్లను పిడికిట బిగించి, సంచి దగ్గరకు రాగానే చెయ్యి వెనుకకు దాచుకొనును. మన పెద్దలలో కొందరును అట్లే చేయుదురు గాని వారు ఏడ్వరు. మరియొకడు అందరును కన్నులు మూసికొనియున్న వేళ వాకిట విప్పిన చెప్పులన్నిటిని కలగలిపి, ఒకదానిని మాత్రము తెచ్చి బల్లమీద పెట్టును. ఇంకొకనికి ఆమేన్ అను మాట రుచించినది. ప్రసంగము నడుమ దానిని పదిమార్లు పలుకును. ప్రసంగము ముగియకమునుపే ఆమేన్ వినగోరువారు సంఘములో వాడొక్కడే కాడని మాకు తెలియును. ఇక జంపఖానా తడియుట సంగతి వ్రాయనేల? కొత్త జంపఖానా కొనుటకు చందా పోగుచేసిన సంఘము ఏదియు దానిని మరచియుండదు.

ఇంతవరకు నవ్వుదుము. అంతట ముందు వరుసలోని పెద్దమనిషి యొకడు వెనుకకు తిరిగి, “పోరన్ని బయటికి తీస్కపోవమ్మా” అనును. తల్లి లేచి పోవును. ఆరు దినములు పత్తిచేనిలో వంగిన నడుముతో, వాక్యము వినవలెనని వచ్చిన మనిషి వేపచెట్టు క్రింద పిల్లవానికి రొట్టెముక్క తినిపించుచు కూర్చుండును. మూడు ఆదివారములు ఇట్లు జరిగిన తరువాత నాలుగవ ఆదివారము ఆమె రాదు. మేము ఇల్లు చూడబోయిన, “పోరడు జర పెద్దగైనంక వస్త అయ్యగారూ” అని చెప్పును. వాడు పెద్దగునప్పటికి మరియొకతె చంకనెక్కును. ఈ లెక్కన ఐదారేండ్లు ఆ తల్లి ప్రభువు బల్లకు దూరమగును. ఆమె భర్తయో, ఇస్త్రీ చొక్కాతో ప్రతి ఆదివారము వచ్చి, పాటలన్నియు పాడి, సంఘములో భక్తిపరుడని పేరు పొందును. పురుషులు మాత్రము పోయి సేవించుడని మన గుడిలో ఎవరును అనలేదు. అయినను జరుగుచున్నది అదియే గదా!

పెద్దల మాటలో న్యాయము బొత్తిగా లేదనము. చెవులు మందగించిన అవ్వలకు పిల్ల ఏడ్పులో వాక్యము వినబడదు. అయితే పిల్లవానిని ఊరుకోబెట్టుటకు మనవారు పట్టిన మార్గములు చూడుడి. ఒకటి సెల్‌ఫోను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారము ఏడాది పిల్లలకు తెర చూపనే కూడదు. రెండేండ్లవారికి దినమునకు ఒక గంటకు మించరాదు. పసివారిని ఒకేసారి గంటకు పైగా కదలనీయక కూర్చుండబెట్టరాదని కూడ అందులో నున్నది. మన ఆరాధన రెండు గంటలు. ఈ వాక్యము చదివి ప్రసంగము తగ్గింపవలెనని కొందరు లేచెదరేమో. దానిని సంఘ కమిటీలో మాటలాడుకొందము.

రెండవ మార్గము భయము. “ఏడిస్తే అయ్యగారు పట్టుకపోతడు” అందురు. అందుచేత మా తెల్ల అంగీ కనబడగానే తల్లి కొంగు చాటున దూరు బిడ్డలు ఎందరో! అది మేము సహింతుము. “దేవుడు కండ్లు పొడుస్తడు” అనుట మాత్రము సహింపజాలము. నడక నేర్చుకొను బిడ్డకు దేవుని గూర్చి చెప్పు మొదటి మాట ఇదియా? తల్లిదండ్రులు పిల్లలను తెచ్చినప్పుడు శిష్యులు గద్దించిరి. మార్కు వ్రాసిన ప్రకారము ప్రభువు కోపపడెను. ఆ కోపము శిష్యులమీదనే గాని పిల్లలమీద కాదు. ఆయన వారిని ఎత్తి కౌగిలించుకొనెను. ముందుగా వారి ముక్కులు తుడిచిరో లేదో మార్కు వ్రాయలేదు.

మరి ఎత్తుకొనవలసినది ఎవరు? ద్వితీయోపదేశకాండము 1:31లో మోషే, ఒక మనుష్యుడు తన కుమారుని ఎత్తుకొనునట్లు దేవుడు అరణ్యములో మిమ్మును ఎత్తుకొని వచ్చెనని జనులకు జ్ఞాపకము చేసెను. ఈ పోలిక వినిన జనులకు నవ్వు రాలేదు. అది వారు కన్నులార చూచిన పని. వారు ఐగుప్తు విడిచిన రాత్రి పులియని పిండి ముద్దలను బట్టలలో మూటకట్టి భుజములమీద పెట్టుకొనిరి. కాలినడకన పోయిన పురుషులు ఇంచుమించు 6 లక్షలమంది. ‘తఫ్’ ఆ లెక్కలో చేరలేదు. పిండి ఒక భుజమున నున్న యెడల రెండవ భుజమున ఎవరుందురో తండ్రులైనవారే చెప్పుదురు గాక. సంఖ్యాకాండము 11లో మోషే విసిగి, పాలుత్రాగు బిడ్డను రొమ్మున మోయు పెంపుడు తండ్రివలె ఈ జనులనందరిని నేనే మోయవలెనా యని దేవునితో మొరపెట్టుకొనెను. ఆ విసుగు ఎట్టిదో మన తల్లులకు తెలియును. దేవుడు గద్దింపలేదు, భారము పంచుకొనుటకు 70 మంది పెద్దలను ఇచ్చెను. మన సంఘ పెద్దలు ఈ సంగతి గమనింతురు గాక.

మెదకు గుడిని 1924 క్రిస్మసు దినమున ప్రతిష్ఠించిరి. క్రిస్మసునాడు అచ్చటికి పోయిన మన తండ్రులు, జనములో తప్పిపోవునని పిల్లవానిని మెడమీద ఎక్కించుకొని తిరుగుదురు. వాడు జుట్టు పట్టి లాగినను నవ్వుదురు. అదే తండ్రి మరుసటి ఆదివారము స్వంత ఊరి గుడిలో ఆ బిడ్డవైపు తిరిగి చూడడు. మెదకులో లేని సిగ్గు ఇక్కడ ఎక్కడినుండి వచ్చెనో!

ఇశ్రాయేలీయుల పెద్దలు కనాను సరిహద్దున నిలిచి, మన పిల్లలు కొల్లబోవుదురని ఏడ్చిరి. కడకు ఆ పెద్దలు అరణ్యములో రాలిపోయిరి. కాలేబు యెహోషువలతో దేశములో ప్రవేశించినది ఆ పిల్లలే. యెహోషువ ధర్మశాస్త్రమంతయు చదివి వినిపించినప్పుడు స్త్రీలును పిల్లలును నిలిచి వినిరని వ్రాయబడియున్నది. ఆ దినమున ఎంత ఏడ్పు, ఎంత గోల యుండెనో! చదువుట మాత్రము ఆగలేదు.

వచ్చు నెల మొదటి ఆదివారము ప్రభు సంస్కారపు ఆరాధన. పురుషుల వైపు గోడ ప్రక్కన పాత జంపఖానా ఒకటి పరపింతుము. చంటిపిల్లల తండ్రులు అచ్చట కూర్చుండవలెను. పిల్ల గట్టిగా ఏడ్చిన మొదటిసారి తండ్రి బయటికి తీసికొని పోవలెను, రెండవసారి తల్లి. కంజిర ఆ దినమున పై గూటిలో నుండును. సోదరులారా, సంచిలో బైబిలుతోపాటు ఒక పొడి చడ్డి, రెండు రొట్టెముక్కలు పెట్టుకొని రండి.