పంటకు కర్త ఎవరు?

పంట పండించేది రైతా, దైవమా? ఏ పనికైనా అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం అనే అయిదు కారణాలుంటాయని భగవద్గీత 18వ అధ్యాయం చెబుతుంది. అధిష్ఠానమంటే శరీరమని వ్యాఖ్యాతల మాట. సేద్యానికి అన్వయిస్తే అది పొలం. కర్త రైతు. నాగలి, విత్తనం కరణాలు. దుక్కి, నాట్లు, కలుపుతీత చేష్టలు. వాన దైవం.

పదో తరగతి తర్వాత వ్యవసాయ పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా చదివే విద్యార్థి సాధన చేసేది మొదటి నాలుగింటినే. తడిగుడ్డలో 100 వరి గింజలు చుట్టిపెట్టి, కొన్నాళ్లకు విప్పి మొలకలు లెక్కపెడతాడు. 80 మొలిస్తే విత్తనం ప్రమాణానికి తగినట్టే. మొలవనివాటికి గింజలో తేమ, నిల్వలోపం వంటి కారణాలు వెతుకుతాడు. అంతకుముందు తలరాత అనుకున్నదాంట్లో కొంత ఇలా చేష్టల ఖాతాలోకి వస్తుంది. వాన మాత్రం అయిదో కారణంగానే మిగులుతుంది. కాబట్టి కర్తృత్వం రైతుదే అయినా, ఫలం అతనొక్కడిది కాదు.