సాక్షికి సగం జరిమానా

సాఫ్ట్‌వేర్‌లో పన్నెండేళ్ళు పనిచేసినవాడు ఇప్పుడు ఫైనాన్స్‌లో మాస్టర్స్ చేస్తానంటే చుట్టూ ఉన్నవాళ్ళు ఏం అడుగుతారో ముందే తెలుసు. ఫీజెంత? చదివాక ఎంతొస్తుంది? ఈ వయసులో అవసరమా? మూడూ న్యాయమైన ప్రశ్నలే. వాటికి జవాబు చెప్పే లెక్క ఆ కోర్సులో మొదటి నెలలోనే నేర్పిస్తారు కూడా. కట్టబోయే ఫీజూ, పోగొట్టుకోబోయే జీతమూ ఒక పక్కన రాసుకోవాలి. చదివాక పెరిగే జీతాన్ని ఏడాదికేడాది తగ్గించుకుంటూ ఈరోజు విలువకి తెచ్చి రెండో పక్కన రాసుకోవాలి. తేడా సున్నాకి పైన ఉంటే చదువు, కింద ఉంటే మానెయ్.

ఎవరూ అడగని నాలుగో ప్రశ్న ఒకటుంది. అసలది చేయదగ్గ పనేనా? డాక్టరు చదువుతానంటే ఈ ప్రశ్న రాదు. సారా కాంట్రాక్టు తీసుకుంటానంటే అందరూ అడుగుతారు. ఫైనాన్స్ ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంది, ఎక్కడుందో మనం సరిగ్గా తేల్చుకోలేదు. సుమతీ శతకకారుడు ఊళ్ళో ఉండితీరాల్సినవాళ్ళ జాబితాలో అప్పిచ్చేవాణ్ణి వైద్యుడికన్నా ముందు పెట్టాడు. మన సినిమాల్లో మాత్రం వడ్డీ వ్యాపారి ఎప్పుడూ విలనే. మనవల్ని ఒళ్ళో కూచోబెట్టుకుని అసలు కంటే వడ్డీ ముద్దంటాం. అదే వడ్డీ తీసుకుని బతికే మనిషిని చూసి మొహం తిప్పుకుంటాం.

ముందు ఆ విద్య చేసే పనేమిటో చూద్దాం. డబ్బుని ఒక కాలం నుంచి ఇంకో కాలానికి జరపడం, ఒకరి మీద పడే నష్టాన్ని పదిమందికి పంచడం, స్థూలంగా ఈ రెండే. మొదటిది అర్థం కావడానికి ఏ పాఠ్యపుస్తకమూ అక్కర్లేదు, మన చీటీ పాట చాలు. ఇరవైమంది, నెలకి ఐదేసి వేలు, లక్ష రూపాయల చీటీ. మూడో నెలలో కూతురి పెళ్ళి పెట్టుకున్నావిడ పాతిక వేలు వదులుకుని పాడుతుంది. చివరిదాకా ఆగగలిగినవాళ్ళకి ఆ వదులుకున్న డబ్బులోంచి వాటా వస్తుంది. తొందర ఉన్నవాళ్ళు ఓపిక ఉన్నవాళ్ళకి ఎంత ఇవ్వాలన్నది ఆ గదిలో కూచున్న ఇరవైమందే పాట పాడి తేల్చుకున్నారు. ఇందులో దోపిడీ ఏముంది? పెళ్ళి జరిగింది, మిగతావాళ్ళకి నాలుగు డబ్బులు మిగిలాయి.

రెండో పనికి కౌటిల్యుడు సాక్ష్యం. అర్థశాస్త్రంలో నూరు పణాలకి నెలకి ఒకటింపావు పణం ధర్మమైన వడ్డీ అన్నాడు. వ్యాపారులకైతే ఐదు, అడవుల్లో పడి తిరిగేవాళ్ళకి పది, సముద్రం మీద పోయేవాళ్ళకి ఇరవై. ఏడాది లెక్కన పదిహేను శాతం నుంచి రెండువందల నలభై శాతం దాకా! తిరిగి రాకపోయే ప్రమాదం పెరిగిన కొద్దీ వడ్డీ పెరగాలన్న సూత్రాన్ని ఆయన ఒక్క వాక్యంలో పెట్టేశాడు. మనం ఇప్పుడు రెండేళ్ళు కూచుని, గ్రీకు అక్షరాలతో నేర్చుకునేది దాదాపు అదే.

అయితే ఆ వాక్యం తర్వాత ఇంకొకటుంది. ఈ హద్దులు దాటి వడ్డీ తీసుకునేవాడికీ, తీసుకునేలా చేసినవాడికీ జరిమానా. అది జరుగుతుండగా విన్న సాక్షులకి అందులో సగం. ఈ సగం జరిమానా నా బుర్రలోంచి పోవడం లేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

లెక్క తెలియడమూ ధర్మం తెలియడమూ వేరువేరని చెప్పడానికి ఒక చిన్న లెక్క చేద్దాం. యాభై ఏళ్ళ తర్వాత జరగబోయే వంద రూపాయల నష్టం ఈరోజు ఎంతతో సమానం? ఏడు శాతం చొప్పున తగ్గించుకుంటూ వస్తే మూడు రూపాయల నలభై పైసలు. 1.4 శాతం చొప్పున అయితే దాదాపు యాభై రూపాయలు. వాతావరణ మార్పు మీద 2006లో బ్రిటన్‌లో వచ్చిన స్టెర్న్ నివేదిక ఇంచుమించు ఈ 1.4 లెక్కన వెళ్ళింది, కాబట్టి ఇప్పుడే గట్టిగా ఖర్చు పెట్టాలని చెప్పింది. విలియం నార్డ్‌హౌస్ లాంటి ఆర్థికవేత్తలు ఆ రేటు మార్కెట్లో కనిపించేదానికన్నా మరీ తక్కువని అభ్యంతరం చెప్పారు. ఇద్దరికీ కూడికలూ తీసివేతలూ బాగానే వచ్చు. తగాదా అంతా ఇంకా పుట్టని మనిషి బాధని మన బాధ పక్కన ఎంతకి లెక్కగట్టాలన్న దగ్గర. ఫ్రాంక్ రామ్సే అనే కేంబ్రిడ్జి గణితవేత్త 1928లో, పాతికేళ్ళ వయసులో, పొదుపు మీద వ్యాసం రాస్తూ, దూరంగా ఉందన్న ఒక్క కారణంతో రేపటి సుఖాన్ని తక్కువ చేసి చూడటం నీతిపరంగా నిలబడదని చెప్పాడు. అది మన ఊహాశక్తిలోని లోపం అన్నాడు. క్లాసులో ఆ రేటు ఎక్సెల్ షీట్‌లో ఒక గడి, అంతే. అందులో ఏడు వేస్తావా, పది వేస్తావా అన్నది 'అంచనా' అనిపించుకుంటుంది. అక్కడ నీతి ప్రశ్న ఒకటి దాక్కుని ఉందని షీట్ చెప్పదు.

ఇంకో లెక్క, మనకి బాగా దగ్గరది. పదివేల అప్పు, పన్నెండు శాతం వడ్డీ, యాభై వారాల్లో వారానికి 224 రూపాయల చొప్పున మొత్తం 11,200 కట్టాలి. వినడానికి నూటికి రూపాయి వడ్డీలాగే ఉంటుంది, ఊళ్ళో రెండు మూడు రూపాయల వడ్డీతో పోలిస్తే దేవుడిచ్చిన వరం. కానీ పన్నెండు శాతం లెక్క కట్టింది మొదట తీసుకున్న పదివేల మీద. వారం వారం అసలు తీరిపోతుంటే ఆ మనిషి చేతిలో ఏడాది మొత్తం మీద సగటున ఉన్నది సగమే. కాబట్టి నిజమైన వడ్డీ ఇరవైమూడు శాతం దాటుతుంది, అంటే దాదాపు రెండు రూపాయల వడ్డీ. ఫైనాన్స్ మాస్టర్స్‌లో చేరినవాడికి ఇది మొదటి సెమిస్టర్ హోంవర్క్. అప్పు తీసుకున్న మహిళకి ఇది ఎవరూ చెప్పలేదు. పన్నెండు శాతం అన్నది అబద్ధం కూడా కాదు. నిజాన్ని ఏ వైపు నుంచి చూపించాలో తెలిసినవాడు చూపించిన నిజం.

2006లో కృష్ణా జిల్లాలో మైక్రోఫైనాన్స్ శాఖలు కొన్ని మూయించారు. నాలుగేళ్ళు దాటాక, 2010 ఆగస్టులో, హైదరాబాదు కేంద్రంగా నడిచే ఒక మైక్రోఫైనాన్స్ కంపెనీ స్టాక్ మార్కెట్లో లిస్టయింది, షేరు కోసం మదుపరులు ఎగబడ్డారు. అదే ఏడాది అక్టోబరులో, వసూళ్ళ వేధింపులూ ఆత్మహత్యల వార్తల మధ్య, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. మా పెద్దమ్మ ఆ రోజుల్లో వేరే ఒక గ్రూపులో సభ్యురాలు. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అవసరం లేదు. గ్రూపులో ఒకామె కట్టలేకపోతే మిగతావాళ్ళు కట్టాలి. ఆ పద్ధతిని పాఠ్యపుస్తకాలు చాలా మెచ్చుకుంటాయి, తాకట్టు లేని లోటుని ఇరుగుపొరుగు నమ్మకంతో పూడ్చిందని. మా పెద్దమ్మ మాటల్లో చెప్పాలంటే, "అప్పు తీరింది గానీ రా, ఆ నలుగురితో మాటలు పోయాయి." ఆ మాటలకి ధర ఏ నివేదికలోనూ ఎక్కలేదు.

అలాగని ఆర్డినెన్సుతో కథ సుఖాంతం కాలేదు. వసూళ్ళు ఆగిపోయాయి, కొత్త అప్పులూ ఆగిపోయాయి. డబ్బు అవసరం మాత్రం ఆగలేదు కదా. జనం మళ్ళీ ఊళ్ళో వడ్డీకిచ్చేవాళ్ళ దగ్గరకే వెళ్ళారు. అప్పిచ్చేవాడు లేని ఊరు గురించి శతకకారుడికి ఎందుకంత భయమో అప్పుడు తెలిసొచ్చింది. ఫైనాన్స్‌ని పాపం అని వదిలేయడం ఎంత సులువైన జవాబో ఇక్కడ కనిపిస్తుంది.

ఇక సాక్షి సంగతి. కొన్నాళ్ళ కిందట నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో అప్పుల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ ఉండేది. ఆలస్యంగా వచ్చిన వాయిదా డబ్బుని ముందు దేనికి జమ చేయాలో చెప్పే ఒక సెట్టింగ్ అందులో ఉంది. మా క్లయింటు కోరిన వరస ఇది: ముందు జరిమానాలు, తర్వాత వడ్డీ, చివర అసలు. ఐదు వేల వాయిదా పది రోజులు ఆలస్యంగా కట్టినవాడి డబ్బులోంచి ముందు ఐదువందల జరిమానా పోతుంది. వాయిదాలో ఐదువందలు బాకీ మిగిలిపోతుంది. వచ్చే నెల ఆ బాకీ వల్ల మళ్ళీ జరిమానా. ఐదువేలూ కట్టానని అతను అంటాడు, నిజమే. వాయిదా పూర్తిగా రాలేదని కంప్యూటర్ అంటుంది, అదీ నిజమే. కోడ్‌లో ఇది మూడు పదాల వరస మాత్రమే. టెస్టింగ్‌లో అన్నీ పాసయ్యాయి. ఆ వరస ఎందుకలా ఉండాలి, తిప్పితే ఎవరికెంత పోతుందని అడగడానికి ఆ గదిలో ఉన్న ఇంజనీర్లెవరికీ ఆ విద్య రాదు. ఆ విద్య వచ్చినవాళ్ళు ఆ గదిలో లేరు. జరిమానాలు ఆదాయమార్గం కాకూడదని, వాటి మీద మళ్ళీ వడ్డీ వేయకూడదని 2023లో రిజర్వు బ్యాంకు చెప్పింది. మంచిదే. అయితే నియమం వచ్చేదాకా ఆ గదిలో కూచున్నవాళ్ళందరం కౌటిల్యుడి భాషలో శ్రోతలం. సగం జరిమానా ఎవరికో నాకు అక్కడ అర్థమైంది.

నేను కాకపోతే ఇంకొకడు ఆ పని చేస్తాడు కదా అన్నది పాత సమాధానం. దానికి ఈమధ్య ఒక మెరుగైన రూపం వచ్చింది: పెద్ద జీతమొచ్చే ఫైనాన్స్ ఉద్యోగం చేసి, అందులో ఎక్కువ భాగం దానం చెయ్యి, నువ్వు డాక్టరువై కాపాడగలిగేవాళ్ళకన్నా ఎక్కువమందిని కాపాడొచ్చు అని. ఎగతాళి చేయాల్సిన వాదన కాదు, నిజంగా అలా చేసి నిజంగా ప్రాణాలు కాపాడినవాళ్ళున్నారు. కానీ ఈ వాదనలో సంపాదన అంతా ఒక పైపు, దానం ఇంకో పైపు. మొదటి పైపులోకి డబ్బు ఎవరి నుంచి వస్తోందన్నది అసలు ప్రశ్నే కాదు. ఆ దారిలోనే పెరిగిన శామ్ బ్యాంక్‌మన్-ఫ్రైడ్‌కి ఖాతాదారుల డబ్బు వాడుకున్న నేరానికి 2024లో అమెరికా కోర్టు పాతికేళ్ళ శిక్ష వేసింది. అతనొక్కణ్ణి చూపించి వాదనంతా తప్పనడం అన్యాయం. అయితే ఎక్కువమందికి మేలు అనే మొత్తంలో ఎదురుగా ఉన్న ఒక్కడి డబ్బు ఎంత తేలిగ్గా చిల్లరైపోతుందో ఆ కేసు చూపించింది.

ఇన్ని చెప్పాక నాలుగో ప్రశ్నకి నా జవాబు ఇది. చీటీ పాటలో మర్యాద ఎక్కడుందంటే, పాడినావిడకి తను ఎంత వదులుకుంటోందో తెలుసు, పంచుకున్నవాళ్ళకి అది ఎవరిదో తెలుసు, అందరూ ఒకే గదిలో ఉన్నారు. లెక్క చెడిపోయేది లెక్క వేసేవాడు ఒక ఊళ్ళో, నష్టం మోసేవాడు ఇంకో ఊళ్ళో ఉన్నప్పుడు, ఇద్దరి మధ్యా ఉన్నవాళ్ళకి అది చదవడం రానప్పుడు. ఆ చదవడం నేర్చుకోవడం తప్పు కాదు. నాలాగా ఇప్పటికే ఆ మధ్యలో కూచుని జీతం తీసుకుంటున్నవాడికి నేర్చుకోకపోవడమే తప్పనిపిస్తోంది. రాదు గనక తెలీదు, తెలీదు గనక నాది కాదు అనుకునే సౌకర్యం కౌటిల్యుడు సాక్షికి ఇవ్వలేదు.

అప్లికేషన్ పంపించాను. ఉద్యోగం మానకుండా సాయంత్రాలూ వారాంతాలూ చదివే కోర్సు, సగం ఫీజు అప్పు మీద. నికర ప్రస్తుత విలువ కూడా కట్టి చూశాను. ఎనిమిది శాతం రేటు వేస్తే సున్నాకి కాస్త పైన, పది వేస్తే కాస్త కింద వచ్చింది. మా ఆవిడ ఆ షీట్ చూసి, ఆదివారాలు ఏ గడిలో వేశావని అడిగింది. వాటికి గడి లేదు. ఆ లెక్క ఇంకా తేలాల్సి ఉంది.