మృతుల్లో మనవాళ్ళు లేరు

2023 మే 7, ఆదివారం. పొద్దున్నే మా పక్కింటి వదిన గేటు దగ్గర నిలబడి ఫోను చెవికి ఆనించుకుని ఉంది. ముఖంలో రక్తం లేదు.

"అమెరికాల మళ్ల కాల్పులైనయట. డల్లాస్ పక్కనే. పిల్ల ఫోను ఎత్తుతలేదు" అంది.

ఆమె కూతురూ అల్లుడూ అక్కడే ఉంటారు. కోదాడలో మా వీధిలో అమెరికాలో పిల్లలు లేని ఇళ్ళు తక్కువ. పది నిమిషాల తర్వాత పిల్ల ఫోను ఎత్తింది. వాళ్ళంతా క్షేమం. టీవీలో ఎనిమిది మంది చనిపోయారని వస్తోంది. "మనోళ్ళెవరూ ఉన్నట్టు చెప్తలేరు" అంది వదిన. ఇద్దరం ఒకేసారి "అమ్మయ్య" అన్నాం. ఆ తర్వాత టీ తాగాం.

మర్నాడు తెలిసింది, మనవాళ్ళూ ఉన్నారని. టెక్సస్ రాష్ట్రంలో అలెన్ అనే పట్టణంలో, ఒక షాపింగ్ మాల్ దగ్గర చనిపోయిన ఆ ఎనిమిది మందిలో తెలంగాణ కుటుంబానికి చెందిన యువ ఇంజనీరు ఒకరు. అంతే, నిన్న మూలన ఉన్న వార్త మొదటి పేజీకి వచ్చింది. ఆ అమ్మాయి చదువు, ఉద్యోగం, తల్లిదండ్రుల దుఃఖం అన్నీ వచ్చాయి. రావలసినవే. కానీ మా ఇంటికి వచ్చే పత్రికలో మిగిలినవాళ్ళు "మరో ఏడుగురు"గానే ఉండిపోయారు. వాళ్ళలో బడికి పోయే ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉన్నారని, కొరియా మూలాలున్న భార్యాభర్తలూ వాళ్ళ మూడేళ్ళ కొడుకూ ఉన్నారని, ఒక సెక్యూరిటీ గార్డు ఉన్నాడని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. చంపినవాడు నాజీల భావాలను నెత్తిన పెట్టుకున్నవాడని కూడా అప్పుడే తెలిసింది. మన అమ్మాయి ఎందుకు చనిపోయిందో అర్థం కావాలంటే ఆ ఒక్క ముక్క తెలియాలి కదా!

మేమిద్దరం అన్న ఆ "అమ్మయ్య" నన్ను చాలాకాలం గుచ్చుతూనే ఉంది. అందులో తప్పేముంది? తన బిడ్డ క్షేమంగా ఉందని తల్లి ఊపిరి పీల్చుకోవడం తప్పెలా అవుతుంది? ప్రేమకు దగ్గరా దూరమూ ఉంటాయి. అవి లేని ప్రేమ బహుశా ప్రేమే కాదు. కానీ పత్రిక తల్లి కాదు. మన ప్రేమ ఎంత దూరం పోతుందో అంత దూరమే పోయి ఆగిపోతే, ఇక పత్రిక ఎందుకు? ఆ కబురు తేవడానికి ఫోను చాలు.

నేను పుట్టింది సూర్యాపేటలో. ముప్ఫై ఏళ్ళు పౌరశాస్త్రం పాఠం చెప్పింది కోదాడలో. చెల్లెలి ఇల్లు మిర్యాలగూడలో. నా జీవితమంతా ఈ మూడు ఊళ్ళ మధ్య బస్సుల్లోనే గడిచింది. ఈ మూడు ఊళ్ళ జీవితమూ ఈ కొన్నేళ్ళలో అంతర్జాతీయ వార్తలతో ముడిపడింది. దూరదేశాల వార్తలు ఎలా రాయాలన్న ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికి నాకున్న తూనికరాళ్ళు ఈ ఊళ్ళే.

ముందుగా ఆ పేజీ ఎలా తయారవుతుందో చూద్దాం. మన వీధి వార్త మన ఊరి విలేకరి రాస్తాడు. తప్పు రాస్తే మర్నాడు టీకొట్టు దగ్గర నిలదీయవచ్చు. విదేశీ వార్త ఎక్కువగా రాయిటర్స్, ఏపీ, ఏఎఫ్‌పీ వంటి ఏజెన్సీల నుంచి ఇంగ్లీషులో వస్తుంది. రాత్రిపూట డెస్కులో ఎవరో హడావుడిగా తెలుగు చేస్తారు. అంటే ఏది వార్తో, ఎవరి మాట ముందు రావాలో అప్పటికే ఎక్కడో నిర్ణయం అయిపోయి ఉంటుంది. 1965లో జోహాన్ గాల్టుంగ్, మారి హోల్మ్‌బో రూగే అనే ఇద్దరు పరిశోధకులు కాంగో, క్యూబా, సైప్రస్ సంక్షోభాలను నాలుగు నార్వే పత్రికలు ఎలా రాశాయో పరిశీలించారు. బలమైన దేశమా, పెద్ద మనిషా, మనకు సంస్కృతిలో దగ్గరా, చెడు జరిగిందా అన్నవే సంఘటనను వార్తగా మారుస్తాయని వాళ్ళు వాదించారు. 1980లో యునెస్కో కోసం షాన్ మెక్‌బ్రైడ్ కమిషన్ ఇచ్చిన నివేదిక కూడా వార్తలు సంపన్న దేశాల నుంచి పేద దేశాలకు ఒకవైపే ప్రవహిస్తున్నాయని చెప్పింది. ఈ మాటలు నేను క్లాసులో చెప్పేదాన్ని. పిల్లలు రాసుకునేవారు. ఆ ప్రవాహం మా ఊళ్ళోంచి బయటికి పారిన రోజున కానీ వాటి బరువు నాకు తెలియలేదు.

2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ని గర్భవతి అయిన భార్య అమృత కళ్ళముందే, ఆసుపత్రి బయట నరికి చంపారు. అతను దళితుడు. ఆమె వైశ్య కులంలో పుట్టింది. కిరాయి ఇచ్చి చంపించాడన్న ఆరోపణ ఆమె తండ్రి మీద వచ్చింది. సీసీ కెమెరా దృశ్యం ప్రపంచమంతా తిరిగింది. విదేశీ పత్రికలు మిర్యాలగూడ పేరు పలకడం నేర్చుకున్నాయి. 2019 ఆగస్టులో వాషింగ్టన్ పోస్ట్ ఆ జంట కథను సుదీర్ఘంగా రాసింది.

ఆ రోజుల్లో మా చెల్లెలింటికి పోతే ఒకాయన బాధపడుతూ అన్నాడు: "మన ఊరి పరువు అమెరికా దాకా పోయింది మేడం." ఏ పరువు కోసం ఆ పిల్లవాణ్ని చంపారో అదే మాట! నాకు వెంటనే జవాబు తోచలేదు. విదేశాలవాళ్ళు మనలో చెడే చూస్తారని, మన పేదరికాన్నీ మన హత్యల్నీ అమ్ముకుంటారని మనం ఎప్పుడూ అనుకునేదే. అందులో నిజం లేకపోలేదు. కానీ ఇక్కడ "మనం" అంటే ఎవరు? తండ్రి పక్షాన నిలబడిన గొంతులూ ఆ ఊళ్ళో వినిపించాయి. ప్రణయ్ తల్లీ ఆ ఊళ్ళోనే ఉంది. బయటివాడి రాతను ఎవరి కళ్ళతో తూచాలి?

ఒకటి ఒప్పుకోవాలి. బయటి పాఠకుడికి కులం అంటే ఏమిటో తెలియదు కాబట్టి, విదేశీ విలేకరి దాన్ని మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. దళితులంటే ఎవరు, వాళ్ళను దేనికి దూరం పెట్టారు, పెళ్ళి ఎందుకు నేరమైంది అన్నవి రాయకపోతే ఆ కథ అక్కడ అర్థం కాదు. మనకు ఆ అవసరం లేదు. "వేరే కులం" అని రెండు మాటల్లో దాటేస్తాం. తెలిసిందే కదా అనుకున్నది రాయం, రాయనిది ప్రశ్నించం. దూరం నుంచి వచ్చినవాడి అజ్ఞానం ఒక్కోసారి మన తెలివి చేయలేని పని చేస్తుంది.

మరి మాట సంగతి? ఇంగ్లీషులో "ఆనర్ కిల్లింగ్" అన్నారు. కొన్ని పత్రికలు, ఇందులో గౌరవం ఏమీ లేదన్న సూచనగా, దాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెడతాయి. తెలుగులోకి "పరువు హత్య"గా వచ్చేటప్పటికి ఆ గుర్తులు దారిలో రాలిపోయాయి. ఎవరి పరువు? చంపించినవాడి పరువు. హత్యకు పేరు పెట్టే హక్కు కూడా హంతకుడికే ఇచ్చిన మాట అది. దీన్ని కుల దురహంకార హత్య అనాలని దళిత సంఘాలూ స్త్రీవాదులూ పట్టుబట్టారు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించిన రోజున కూడా చాలాచోట్ల కనిపించింది "పరువు"తో మొదలయ్యే శీర్షికే.

అక్కడే నాకు తూనిక దొరికింది. బయటివాడు మా ఊరిని మెచ్చుకున్నాడా, తిట్టాడా అన్నది తూనిక కాదు. ఆ సంఘటనలో అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్న మనిషి ఆ రాతను చదివితే, "అవును, ఇది నాకు జరిగినదే" అనగలదా? విలేకరి లండన్ నుంచి వచ్చినా నల్గొండ నుంచి వచ్చినా ప్రశ్న ఇదే.

ఇదే తూనిక పట్టుకుని సూర్యాపేటకు పోతాను. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో మా ఊరి కల్నల్ సంతోష్ బాబుతో సహా 20 మంది భారత సైనికులు చనిపోయారు. విద్యానగర్‌లో వాళ్ళ ఇంటి ముందు కెమెరాలు బారులు తీరాయి. ఆ తల్లి రెండు మాటలూ చెప్పింది. దేశం కోసం పోయాడన్న గర్వం, ఒక్కగానొక్క కొడుకు పోయాడన్న దుఃఖం. నాకు గుర్తున్న శీర్షికల్లో గర్వమే పెద్ద అక్షరాల్లో ఉంది. వీరమాత, వీరపత్ని అన్నారు. అవి గౌరవంతో ఇచ్చిన బిరుదులే. కానీ ఆ బిరుదు తగిలించాక ఆమె ఇక ఏమీ అడగడానికి వీల్లేదు. "ఇది ఎందుకు జరిగింది?" అని వీరమాత అడగకూడదు. యుద్ధవార్తలో స్త్రీకి ఏడ్చే పనో గర్వించే పనో అప్పగిస్తారు. ఆలోచించే పని మాత్రం మేజర్ జనరళ్ళది, మాజీ రాయబారులది.

అవతలి వైపు? తమవాళ్ళు నలుగురు చనిపోయారని చైనా 2021 ఫిబ్రవరిలో కానీ ప్రకటించలేదు. ఆ లెక్కను అనుమానిస్తూ రాసిన ఒక చైనా బ్లాగరుకు ఎనిమిది నెలల జైలు పడింది. అంటే ఆ ఎనిమిది నెలలూ అక్కడి తల్లులకు బహిరంగంగా ఏడ్చే వీలు కూడా లేదు. మన పేజీల్లో అప్పుడు నడిచిన చర్చ, చైనావాళ్ళు ఎంతమంది చచ్చి ఉంటారన్నది. ఎక్కువ అంకె వస్తే మనకు తృప్తి. "మృతుల్లో మనవాళ్ళు లేరు" అన్న వాక్యానికి ఇది తోబుట్టువే. మొదటిదానిలో పరాయి చావు మనకు పట్టదు, రెండోదానిలో అది మనకు కావాలి.

అన్ని విదేశీ వార్తల్లోనూ నెత్తురే ఉండదు. 2023 జులై 20న కేంద్ర ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. అమెరికా దుకాణాల్లో మనవాళ్ళు సోనా మసూరి బస్తాల కోసం క్యూ కట్టిన ఫొటోలు టీవీల్లో, పత్రికల్లో మోగిపోయాయి. అప్పుడు నేను మిర్యాలగూడలోనే ఉన్నాను. సాగర్ ఎడమ కాలువ నీళ్ళతో పండే వడ్లన్నీ చేరే ఊరు అది. చుట్టూ రైసు మిల్లులే. చెల్లెలి ఇంటి వెనక ఉండే ఒకామె మిల్లులో ఊడ్చే పనికి పోతుంది. ఆ ఫొటో చూసి నన్ను అడిగింది: "అమెరికాల గింత మందే తింటరా మేడం? మనూరి బియ్యం ఇంకేడికేడికి పోతయి?"

నాకు తెలియదు! ముప్ఫై ఏళ్ళు పేపరు చదివిన నాకు తెలియదు. తర్వాత వెతికి తెలుసుకున్నాను. ప్రపంచ బియ్యం వ్యాపారంలో అప్పటికి దాదాపు 40 శాతం మన దేశానిదే. సెనెగల్ వంటి పశ్చిమాఫ్రికా దేశాల్లో నూకలే రోజువారీ తిండి. నూకల ఎగుమతిని అంతకు ముందే, 2022 సెప్టెంబరులోనే, మన ప్రభుత్వం ఆపేసింది. అక్కడ ఏ ఆడమనిషి ఆ పూట పొయ్యిమీద ఎసరు తగ్గించిందో నేను చదివే ఏ పేజీలోనూ కనిపించలేదు. ఆమె మనకు బంధువు కాదు, మన ప్రవాసులంత సంపన్నురాలూ కాదు. కానీ మిల్లులో నూకలు ఊడ్చే చేతికీ ఆమె గిన్నెకీ మధ్య ఉన్న సంబంధం, నాకూ ఆ క్యూలో నిలబడ్డవాళ్ళకీ ఉన్నదానికంటే తక్కువేం కాదు. దగ్గరా దూరమూ కొలవడానికి చుట్టరికం ఒక్కటే కొలమానం కాదని ఆ మిల్లు మనిషి ప్రశ్న చెప్పింది. మా సబ్ ఎడిటర్లకు తట్టని ప్రశ్న అది.

లోకంలోని దుఃఖమంతా ఒక పేజీలో పడుతుందా, పాఠకుల గుండె ఎంతని మోస్తుంది అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నేను అడిగేది ఎక్కువ కన్నీళ్ళు కాదు. ఉన్న పది వాక్యాల్లోనే ఒక వాక్యం నష్టపోయిన మనిషి నోటినుంచి రావాలి. వార్తల్లో స్త్రీల స్థానం గురించి ప్రపంచవ్యాప్తంగా జరిగే పరిశీలన 1995లో మొదలైంది. అప్పుడు వార్తల్లో కనిపించే, వినిపించే మనుషుల్లో స్త్రీలు 17 శాతం. 2020లో 25 శాతం. ఇది స్థలం చాలకపోవడం వల్ల వచ్చిన లెక్క కాదు, ఎవరిని అడగాలన్న ఎంపిక వల్ల వచ్చిన లెక్క. ఇదే నేలమీద, తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీల దగ్గరికి వెళ్ళి కూర్చుని విన్నవాళ్ళు ఉన్నారు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" అలా వచ్చింది. అడిగితే కదా తెలిసింది, అన్నాళ్ళూ మనం చదివింది సగం చరిత్రేనని!

ఈమధ్య పత్రిక తెరిస్తే నేను మూడు చూసుకుంటున్నాను. ఈ వార్తలో ఎక్కువ పోగొట్టుకున్నది ఎవరు? వాళ్ళ మాట ఇందులో ఉందా? జరిగినదానికి పెట్టిన పేరు ఎవరు పెట్టింది? చాలా రోజులు మూడింటికీ జవాబు దొరకదు. దొరకలేదని తెలియడం కూడా చదవడంలో భాగమే అనుకుంటున్నాను.

మొన్న వదిన ఒక సంగతి చెప్పింది. అలెన్‌లో చనిపోయిన ఆ కొరియా దంపతుల పెద్ద కొడుకు, ఆరేళ్ళవాడు, గాయాలతో బతికాడట. కూతురు చెప్పిందట. "ఆ పిలగాడు ఇప్పుడెట్లున్నడో, ఎవరి దగ్గరున్నడో. నీ పేపర్ల ఏమన్న రాసిన్రా?" అని అడిగింది.

రాయలేదు వదినా అన్నాను.