దా, నల్లోడా

చదవవలసిన వాక్యభాగాలు: 1 సమూయేలు 3:1-10, లూకా 15:11-24

ఆ రోజు నేను వాడిని కొట్టాను. ముందు ఆ మాట చెప్పాలి.

నల్లోడు అప్పటికి ఐదు నెలల కుక్కపిల్ల. తునికాకు కోతల రోజులు, మిట్టమధ్యాహ్నం. ఎవరో గేటు వేయడం మర్చిపోయారు. వాడు ఒక్క ఉరుకున చర్ల రోడ్డు ఎక్కేశాడు. వాడికది ఆట. ఎదురుగా లారీ. "ఇటు రా! రారా! నల్లోడా, వస్తావా లేదా!" అని ఎన్ని కేకలు వేశానో లెక్క లేదు. లారీ డ్రైవరు బ్రేకు కొట్టాడు కాబట్టి సరిపోయింది. కాసేపటికి వాడే తోక ఊపుకుంటూ, నాలుక వేలాడేసుకుని నా కాళ్ళ దగ్గరికి వచ్చాడు. నా భయమంతా కోపమై చేతుల్లోకి దిగింది. అందిన చీపురుతో నాలుగు వేశాను.

మర్నాడు అన్నం గిన్నె పట్టుకుని అదే మాటతో పిలిచాను. వాకిట్లో సగం దూరం వచ్చి ఆగిపోయాడు. పొట్ట నేలకు ఆనించాడు. చెవులు వెనక్కి మడిచాడు. ముఖం పక్కకి తిప్పుకుని కంటి కొసతో నా చేతిని చూస్తున్నాడు. నా ముఖాన్ని కాదు, చేతిని. ఇంకో అడుగు వేసేసరికి మంచం కింద దూరాడు.

వారం రోజులు అంతే. మా వీధి చివర మేకలు కాసుకునే కోయ పెద్దాయన ఒకాయన ఉన్నాడు. "ఎంత పిలిచినా రావట్లేదు పెద్దయ్యా, వీడికి బుద్ధి లేదు" అని ఆయనతో చెప్పుకున్నాను. జరిగిందంతా విని ఆయన అన్నాడు: "రోడ్డెక్కినందుకు కొట్టావని దానికేం ఎరుకమ్మా? వచ్చినందుకు కొట్టావు. వస్తే దెబ్బ పడతదని నేర్పావు. అది బాగానే నేర్చుకుంది."

ఇంకో మాట కూడా అన్నాడు, కాస్త ఆగి. "మనిషైనా అంతేనమ్మా. మా తాతల కాలంలో కచేరీ మనిషి వచ్చి పిలిస్తే ఊరు ఊరంతా గుట్టెక్కేదంట. ఆ పిలుపు వెట్టికని తెలుసు గదా."

తప్పు ఎవరిదో అప్పటికి అర్థమైంది. పాడైపోయిన ఆ పాత పిలుపు వదిలేసి, కొత్త మాట పెట్టుకోమన్నాడు ఆయన. "దా" అనుకున్నాం. ఇంట్లో అందరం ఒకటే మాట. ఆయన చెప్పినట్టే చేశాను. ముందు రెండడుగుల దూరంలో నేల మీద చతికిలబడి, ఒక్కసారి "దా" అనడం. వాడు రాగానే, నోరు నా చేతికి తగిలీ తగలకముందే ఎండు మెత్తళ్ళ ముక్క పెట్టడం. పదిసార్లు అరిచి పదో కేకకి రప్పించుకుంటే, మొదటి తొమ్మిదీ వినకపోయినా ఫరవాలేదని నేర్పినట్టేనట. రాకపోతే వెంటపడకూడదు, వెంటపడితే వాడు తరుముడు ఆట అనుకుంటాడు. మనమే నాలుగడుగులు వెనక్కి నడవాలి. తర్వాత పదిహేనడుగుల పగ్గం కట్టి, వదులుగా వదిలి, పెరట్లో, వీధిలో, చివరికి మేకల మంద ఎదుట. స్నానం చేయించాలన్నా, గొలుసు వేయాలన్నా పిలవకూడదు, మనమే వెళ్ళి ఎత్తుకు రావాలి. అన్నిటికంటే నాకు నచ్చింది ఇది: వచ్చాక ముక్క పెట్టి, తల నిమిరి, మళ్ళీ ఆటకి వదిలెయ్యాలి. పిలిచిన ప్రతిసారీ కట్టేస్తే, పిలుపంటేనే గొలుసని వాడికి పడిపోతుంది.

ఇలా నేర్పడానికి పట్టిన మూడు వారాల్లోనే ఒక ఉదయం సమూయేలు కథ చదువుతున్నాను. చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో విన్న కథ. ఎప్పుడూ బాలుడి విధేయత దగ్గరే ఆగేదాన్ని. ఈసారి ఏలీ దగ్గర ఆగాను. చూపు మందగించిన ముసలాయన, పడుకుని ఉన్నాడు. రాత్రివేళ పిల్లవాడు పరుగెత్తుకొచ్చి, పిలిచారా అని అడిగాడు. పిలవలేదు, వెళ్ళి పడుకోమన్నాడు ఆయన. మళ్ళీ వచ్చాడు. ఈసారి కుమారుడా అని సంబోధించి పంపాడు. మూడోసారీ లేపాడు. ఏలీ తప్పులు చాలానే ఉన్నాయి, సొంత కొడుకులను అదుపులో పెట్టలేకపోయాడని ఆ గ్రంథమే చెబుతుంది. కానీ ఆ రాత్రి మాత్రం, నిద్ర చెడగొట్టిన పిల్లవాడిని కసురుకోలేదు. మొదటిసారే ఒక కసురు కసిరి ఉంటే? రెండో పిలుపుకి సమూయేలు దుప్పటి ముసుగు లాక్కుని పడుకునేవాడు. దేవుని స్వరం వినపడినా కదిలేవాడు కాదు. మూడోసారి కూడా భయం లేకుండా లేచి పరుగెత్తాడంటే, పిలిస్తే వెళ్ళడంలో ప్రమాదం లేదని ఆ గుడిలో అప్పటికే నేర్చుకున్నాడన్నమాట.

మనలో చాలామందిమి అలా నేర్చుకోలేదు. దేవుడి పిలుపు వినగానే ముందు ఆయన చేతిలో చీపురుందేమోనని చూస్తాం. తోటలో చెట్ల మధ్య నక్కిన ఆదాము నాకిప్పుడు మంచం కింద దూరిన నల్లోడిలాగే కనిపిస్తాడు.

మా మండలంలోనే పర్ణశాల ఉంది. యాత్రికులు అక్కడ వినే కథలో మాయలేడి రూపంలోని మారీచుడు అచ్చం రాముడి గొంతుతోనే కేక వేస్తాడు. గొంతులో తేడా లేదు. ఆ కేక వెంట వచ్చింది మాత్రం ఎడబాటు. మా మనవడు కూడా నా గొంతు అనుకరించి, ఉత్త చేతులతో "దా" అని నల్లోడిని రెండు మూడుసార్లు ఏడిపించాడు. ఆ తర్వాత వాడు గొంతుకి మాత్రమే రావడం మానేశాడు. మనిషిని చూసి వస్తున్నాడు. కాపరి స్వరం గొర్రెలు ఎరుగునని యోహాను 10వ అధ్యాయంలో ప్రభువు చెప్పినప్పుడు, ఆ ఎరుక వెనక ఎన్ని రోజుల మేత, ఎన్ని గుక్కల నీళ్ళు ఉన్నాయో ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

ఈ ఊళ్ళో ఆ స్వరం వినిపించడం మొదలై 160 ఏళ్ళు దాటింది. గోదావరి మీద తీరం నుంచి ఎగువకు పడవలు నడపాలని ఇక్కడ ఆనకట్ట, లాకులు కట్టించే పనికి వచ్చిన ఇంజనీరు హేగ్ గారి చొరవతో 1860 ప్రాంతంలో కోయల మధ్య సువార్త పని మొదలైంది. ఆ పడవల పథకం 1871లో ఆగిపోయింది. సువార్త ఆగలేదు. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ గారు ఏళ్ళ తరబడి ఇక్కడే ఉండి కోయ మాట నేర్చుకున్నారు. ఆ శతాబ్దం ముగిసేలోపే లూకా సువార్త కోయ భాషలో అచ్చయింది. పిలుపంటే వెట్టి అని ఎరిగిన అడవిలో, ఇంటికి తిరిగొస్తున్న కొడుకును దూరాన చూసి తానే పరుగెత్తి మెడ మీద పడ్డ తండ్రి కథ వాళ్ళ సొంత మాటలో మొదటిసారి విన్నవాళ్ళు ఏమనుకుని ఉంటారో! ఆ తండ్రి ఆలస్యమెందుకైందని అడగలేదు. ఆస్తి లెక్క అడగలేదు. కొడుకు దారిలో కూడబలుక్కున్న క్షమాపణ మాటలు పూర్తి కాకముందే వస్త్రం తెమ్మన్నాడు. దేవుడు గద్దించడని నేను అనను, హెబ్రీ పత్రిక చదివినవాళ్ళం కదా. కానీ గద్దింపుకి వేరే వేళ ఉంది. గుమ్మంలో అడుగుపెట్టే వేళ అది కాదు.

మొన్న సాయంత్రం నల్లోడిని ఆనకట్ట వైపు తీసుకెళ్ళి పగ్గం విప్పాను. ఒడ్డున కొంగల్ని చూసి బాణంలా దూసుకుపోయాడు. నా గుండె జారింది. ఒక్కసారే పిలిచాను, "దా" అని. వాడు వినీ విననట్టు ఇంకో పది గజాలు ఉరికాడు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని రెండో కేక ఆపుకున్నాను. వాడు ఆగాడు. ఒకసారి కొంగల వైపు, ఒకసారి నా వైపు. తర్వాత తిరిగి వచ్చాడు, తిన్నగా, మోకాళ్ళ దాకా బురదతో, కుళ్ళిన చేప వాసనతో. తల తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. చీర సంగతి నాకు గుర్తు రాలేదు.

ఆ రాత్రంతా ఒక్క విషయం మెదులుతూనే ఉంది. మా మనవడికి తొమ్మిదేళ్ళు. పేరు పెట్టి పిలిస్తే చాలు, వాడు గుమ్మం దగ్గరే ఆగి, "నేనేం చేశాను నానమ్మా?" అంటాడు. ఎప్పటి నుంచి అలా అంటున్నాడో. హోంవర్కు, విరిగిన గ్లాసు, పక్కింటి ఫిర్యాదు. నేను వాడిని పిలిచేది వీటికే.

ఇవాళ పొద్దున వాకిట్లో కూర్చుని పిలిచాను. వచ్చి గుమ్మంలో ఆగాడు. "నేనేం చేశాను నానమ్మా?"

"ఏం చేయలేదు. ఊరికే పిలిచాను. దా."

చేతిలో తాటి ముంజె ఉంది. వాడు ముందు నా చేతినే చూశాడు. తర్వాత ముఖం చూశాడు.

ప్రార్థన: తండ్రీ, నీ పిలుపు విని చాలాసేపైంది. కొంగల వెంట తిరిగి ఇప్పుడు వస్తున్నాను. ఒళ్ళంతా బురద. యేసు నామమున వస్తున్నాను. ఆమేన్.